సెల్ఫ్ నొక్కితే బండి ఏమంటోంది?

పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరి సెల్ఫ్ నొక్కితే బండి 'టకటకటక' అంది. "బ్యాటరీ పోయింది సార్" అన్నాడు మెకానిక్. కొత్తది వేయించాను. పది రోజులు తిరక్కుండానే మళ్లీ అదే టకటక. బ్యాటరీని నింపాల్సిన రెగ్యులేటర్ పాడైందని అప్పుడు తేలింది. 2006 నాటి నా 150 సీసీ బండి వల్ల ఇలాంటి అపోహలు ఒక్కొక్కటే వదిలాయి, కొన్ని డబ్బు వదిలించుకుని మరీ.

అపోహ: టకటక అంటే సెల్ఫ్ మోటార్ కొట్టేసుకుంటోంది.

వాస్తవం: ఆ చప్పుడు మోటార్‌ది కాదు, రిలేది. బటన్ నొక్కగానే రిలే అతుక్కుని బ్యాటరీ కరెంటును మోటార్‌కు వదులుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే ఆ బరువుకు వోల్టేజీ పడిపోతుంది, రిలే విడిపోతుంది. బరువు తగ్గగానే వోల్టేజీ లేస్తుంది, రిలే మళ్లీ అతుక్కుంటుంది. సెకనులో ఎన్నోసార్లు ఇదే తంతు. బ్యాటరీ నీరసపడటానికి దాని వయసే కారణం కానక్కర్లేదు. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి, వదులైన నట్టు, తుప్పు పట్టిన ఎర్త్ వైరు కూడా ఇదే పాట పాడిస్తాయి.

రెండు మూడు వందలు పెట్టి మల్టీమీటర్ కొనుక్కోండి. రాత్రంతా ఆగిన బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12 కంటే కిందుంటే ఖాళీ అయినట్టే. సెల్ఫ్ నొక్కినప్పుడు 10కి బాగా దిగువకు జారితే ఛార్జ్ చేసి మళ్లీ చూడండి, అప్పటికీ జారితేనే బ్యాటరీని అనుమానించండి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే కొత్త బ్యాటరీ వేయడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. ఈ చివరి పరీక్ష నాకు ముందే తెలిసుంటే ఒక బ్యాటరీ ఖర్చు మిగిలేది.

అపోహ: హారన్ మోగుతోంది, లైటు వెలుగుతోంది, కాబట్టి బ్యాటరీ భేష్.

వాస్తవం: 35 వాట్ల హెడ్‌లైట్‌కు మూడు ఆంపియర్లు చాలు. సెల్ఫ్ మోటార్ పదుల ఆంపియర్లు లాగుతుంది. నాలుగడుగులు నడవగలిగినవాడల్లా బియ్యం బస్తా మోయలేడు కదా!

ఇక ఒక్కసారి 'టక్' మని ఊరుకుంటే కథ వేరు. బ్యాటరీ బాగున్నా ఇలా జరుగుతుంటే రిలే లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, లేదా మోటార్‌లో కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు. కొందరు స్క్రూడ్రైవర్‌తో రిలే బోల్టులు రెండూ కలిపి చూస్తారు. నిప్పురవ్వలు లేస్తాయి, గేరులో ఉంటే బండి ముందుకు దూకుతుంది. అది మెకానిక్‌కే వదిలేయండి.

అపోహ: 'జుయ్' మని తిరిగి ఇంజిన్ కదలకపోతే మోటార్ మార్చాలి.

వాస్తవం: జుయ్ మంటోందంటేనే మోటార్ తిరుగుతోందని కదా అర్థం! దోషం సాధారణంగా వన్‌వే క్లచ్‌ది. సైకిల్ వెనక చక్రానికుండే ఫ్రీవీల్ గుర్తుంది కదా, ఇదీ ఆ బాపతే. మోటార్ తిప్పేటప్పుడు ఇంజిన్‌ను పట్టుకుంటుంది, ఇంజిన్ అందుకోగానే వదిలేస్తుంది. చాలా బండ్లలో మ్యాగ్నెట్ వెనక, సైడ్ కవర్ లోపల ఉంటుంది. అందులోని చిన్న రోలర్లు అరిగినా, వాటిని నెట్టే స్ప్రింగులు నీరసించినా పట్టు జారుతుంది. మొదట్లో పదిసార్లకు ఒకసారి జారుతుంది, అప్పుడప్పుడూ 'కర్ర్' మని పళ్లు నూరుతుంది. ఆ దశలోనే చూపిస్తే చిన్న పని.

దాన్ని పాడుచేసే వాటిలో మన టకటకను పట్టించుకోకపోవడం ఒకటి. నీరసపు బ్యాటరీతో పదేపదే సెల్ఫ్ నొక్కితే పిస్టన్ కంప్రెషన్ దాటలేక వెనక్కి తంతుంది. ఆ దెబ్బ నేరుగా వన్‌వే క్లచ్‌కే తగులుతుంది. వందల్లో పోయేది వేలకు చేరుతుంది.

అపోహ: అందుకునేదాకా బటన్ నొక్కిపట్టాలి.

వాస్తవం: ఐదు సెకన్లు చాలు. అందుకోకపోతే పదిహేను సెకన్లు ఆగండి. లేదంటే మోటార్ కాలుతుంది.

అసలు భయపడాల్సింది బటన్ వదిలినా మోటార్ తిరుగుతూనే ఉన్నప్పుడు. రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయన్నమాట, తాళం తీసినా చాలాసార్లు ఆగదు. వెంటనే బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. ఆలస్యమైతే వైర్లు కాలతాయి.

"కిక్ ఉందిగా, సెల్ఫ్‌తో పనేంటి?" అంటారు పెద్దవాళ్లు. ఒకందుకు నిజమే, కిక్‌కు ఒక్క దెబ్బకే అందుకుందంటే ఇంజిన్ క్షేమం, తప్పు సెల్ఫ్ వైపే ఉంది. అంతవరకే. కిక్ వాడుతూ పోయినంత మాత్రాన ఛార్జింగ్ దోషం దానంతటదే బాగుపడదు.

ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు "సెల్ఫ్ పడట్లేదన్నా" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. టకటకా, ఒక్క టక్కా, జుయ్యా? ఆ చప్పుడు నోటితో చేసి చూపించండి. మెకానిక్ నవ్వితే నవ్వనివ్వండి.