ఒకే లాప్‌టాప్, రెండు సిస్టమ్‌లు, ఐదున్నర గంటల తేడా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పాత లాప్‌టాప్ పట్టుకెళ్తే, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేసి ఇస్తారు. మెషీన్‌కి ప్రాణం లేచొస్తుంది. అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌తో. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. అవి లేనివాళ్లకి నాకు సబబుగా తోచే దారి డ్యుయల్ బూట్: ట్యాలీకో, పాత స్కానర్‌కో నెట్ కనెక్షన్ లేని విండోస్, మిగతా అన్నిటికీ లినక్స్.

ఈ రెండూ ఒకేసారి నడవవు. పవర్ బటన్ నొక్కగానే యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ మేలుకుని, డిస్క్‌లో ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్‌ని వెతుకుతుంది. విండోస్ బూట్‌లోడర్, ఉబుంటు అనే లినక్స్ పెట్టే బూట్‌లోడర్ గ్రబ్ అందులో చెరో ఫోల్డర్‌లో ఉంటాయి. గ్రబ్ మెనూలో ఏది ఎంచుకుంటే అదే లేస్తుంది. పాత బయోస్ రోజుల్లో డిస్క్ మొదటి సెక్టార్‌లో బూట్ కోడ్‌కి దక్కిన చోటు 446 బైట్లే. చివర వచ్చినవాడు ముందున్నవాణ్ణి చెరిపేసేవాడు. విండోస్ ముందు, లినక్స్ తర్వాత అన్న సలహా అప్పటిదే. ఇప్పుడు ఆ తగాదా తగ్గింది కానీ పోలేదు. 2024 ఆగస్టులో ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత కొన్ని డ్యుయల్ బూట్ మెషీన్లలో లినక్స్ లేవనని మొండికేసింది.

మొదలుపెట్టేముందు బ్యాకప్ సంగతి చెప్పనక్కర్లేదు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగ్ మారగానే విండోస్ అది అడిగే అవకాశముంది. తర్వాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే సీ డ్రైవ్‌ని కుదించి ఖాళీ తీయండి. ఉబుంటుకి కనీసం 25 జీబీ కావాలి, నేనైతే 60కి తగ్గను. ఫాస్ట్ స్టార్టప్ తప్పకుండా ఆపేయాలి. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా మూతపడదు. కెర్నల్ స్థితిని డిస్క్‌లో దాచుకుని పడుకుంటుంది. ఆ డ్రైవ్‌లో లినక్స్ ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. అందుకే లినక్స్ చాలాసార్లు చదవనిస్తుందే కానీ రాయనివ్వదు.

అన్నీ సవ్యంగా కుదిరాక బయటపడే వింత ఒకటుంది. సాయంత్రం 7 గంటలకి ఉబుంటు మూసి విండోస్ తెరిస్తే గడియారం మధ్యాహ్నం 1:30 చూపిస్తుంది. బ్యాటరీ పోయిందని నాణెం సెల్ మార్పించేస్తారు కొందరు. సెల్‌ది తప్పేం లేదు. మదర్‌బోర్డు మీది గడియారం చిప్ అంకెల్ని మాత్రమే దాస్తుంది, అవి ఏ దేశపు టైమో దానికి పట్టదు. లినక్స్ అందులో అంతర్జాతీయ సమయం రాస్తుంది. విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుని చదువుతుంది. మనం ఐదున్నర గంటలు ముందున్నాం కాబట్టి తేడా కూడా సరిగ్గా అంతే. నెట్ ఉంటే విండోస్ కాసేపటికి సర్దుకుంటుంది. పైన చెప్పినట్టు నెట్ తీసేస్తే సర్దుకోదు. అర్ధరాత్రి దాటాక సేవ్ చేసిన ఫైలు నిన్నటి తేదీతో కూర్చుంటుంది.

చిప్‌లో స్థానిక సమయమే ఉంచమని లినక్స్ టెర్మినల్‌లో ఒక్క ఆదేశం ఇస్తే సరి. అలా చేయడం మంచిది కాదని లినక్స్ హెచ్చరిస్తుంది. ఆ భయం ముఖ్యంగా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాలకి. మనకి ఆ బాధ లేదు.