జీతపు స్లిప్పులో ఆ పన్నెండు శాతము

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక అమ్మాయి తల్లితో కూడ వచ్చి, చేతిలోని కాగితముల కట్టను మా ముందుంచినది. నర్సింగు ముగించి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మొదటి ఉద్యోగములో చేరబోవుచున్నది.

"అయ్యగారూ, వీళ్లు పి.ఎఫ్. ఫారం ఇచ్చారు. జీతంలో పన్నెండు శాతం పోతుందట. వద్దని రాసిస్తే కుదురుతుందా?" అని అడిగినది.

"చేతికొచ్చేదే కొంచెం. అందులో మళ్లీ కోత ఎందుకండీ?" అని తల్లి కూడ అన్నది.

చదువరులారా, ఈ మాట మన కుటుంబములలో తరచుగా వినబడునదే. ముందుగా ఆ కోత ఎక్కడికి పోవుచున్నదో చూడుదము. ఆ అమ్మాయి మూల వేతనము, కరవు భత్యము కలిపి 10,000 రూపాయలు. అందులో 12 శాతము, అనగా 1,200 రూపాయలు ఆమె జీతము నుండి తీయుదురు. యజమాని కూడ మరొక 1,200 వేయవలెను. యజమాని వాటాలో 833 రూపాయలు పింఛను పథకమునకు, మిగిలిన 367 భవిష్య నిధికి వెళ్లును. కావున భవిష్య నిధిలో ఆమె పేరున నెలకు 1,567 రూపాయలు చేరును. జీతము పెరగక, వడ్డీ 2024-25లో ఇచ్చినట్లు 8.25 శాతముగానే ఉన్నదనుకొన్నను, 15 సంవత్సరములలో అది సుమారు 5 లక్షల 40 వేలగును. అందులో ఆమె జీతము నుండి పోయినది 2 లక్షల 16 వేలు మాత్రమే.

20 మంది లేక అంతకు మించి పనివారున్న సంస్థలకు 1952 నాటి చట్టముతో వచ్చిన ఏర్పాటు ఇది. 2014 సెప్టెంబరులో వేతన పరిమితిని 15,000 రూపాయలుగా నిర్ణయించినారు. ఆ పరిమితికి లోపల జీతమున్నవారు వద్దనుటకు వీలు లేదు. ఆ మాట చెప్పగా తల్లి ముఖము చిన్నబోయినది. అప్పుడు మా సొంత కథ చెప్పవలసి వచ్చినది.

మేము వేదాంత పాఠశాలకు వెళ్లక ముందు, 2002 నుండి 2008 వరకు, ఒక కర్మాగారములో గుమాస్తాగా పనిచేసినాము. మానివేసిన దినమున తోటివారందరు, "పి.ఎఫ్. డబ్బు తీసేసుకో, అక్కడ ఉంచితే ఏమొస్తుంది?" అన్నారు. ఫారములు వ్రాసి మొత్తము తీసికొన్నాము. నలభై వేల చిల్లర వచ్చినది. చెల్లెలి పెండ్లికి కొంత, పాత మోటారు సైకిలుకు కొంత పోయినది. ఆ బండి మూడేండ్లలో మూలపడినది!

భవిష్య నిధి తీసికొన్నందుకు మాకు అంత విచారము లేదు, చెల్లెలి పెండ్లి జరిగినది గదా. మేము చేసిన తప్పు మరొకటి. 1995 నవంబరులో వచ్చిన పింఛను పథకములో పది సంవత్సరముల సేవ నిండినవారికి 58వ ఏట నుండి నెల నెల పింఛను వచ్చును. పది నిండక ఉద్యోగము మానినవారు ఆ సొమ్ము వెనుకకు తీసికొనవచ్చును, లేదా స్కీము సర్టిఫికెట్టు అను పత్రము తీసికొని ఆ సంవత్సరములను కాపాడుకొనవచ్చును. ఆ పత్రమును గూర్చి మాకు ఎవరును చెప్పలేదు, మేమును అడుగలేదు. తరువాత 2012 నుండి 2017 వరకు ఒక విద్యార్థి వసతిగృహములో వార్డెనుగా ఉన్నాము, అక్కడను పి.ఎఫ్. ఉండెను. మొదటి ఆరు, తరువాతి ఐదు కలిపిన పదకొండగును. కాని ఆ ఆరింటిని మేము నలభై వేలలో కలిపి అమ్ముకొన్నాము. మిగిలినది ఐదు. ఐదు సంవత్సరములకు పింఛను లేదు.

పింఛను లెక్క కష్టమైనది కాదు. చివరి ఐదు సంవత్సరముల వేతనపు సగటును సేవా సంవత్సరములతో హెచ్చించి 70తో భాగించవలెను. 15,000 సగటు మీద పది సంవత్సరములకు నెలకు సుమారు 2,140 రూపాయలు. గొప్ప సొమ్ము కాదనుట నిజమే. కాని వృద్ధాప్యములో మందుల చీటీ పట్టుకొని కుమారుని ముఖము చూచు తండ్రులను ఎరిగిన కాపరిగా, ఆ రెండు వేలను తేలికగా చూడలేకున్నాము. పైగా పింఛనుదారుడు మరణించిన యెడల భార్యకు కూడ కొంత వచ్చును.

దాచుకొనుట అవిశ్వాసము కాదా అని యౌవనస్థుల కూడికలో ఒకరు అడిగిరి. యోసేపు ధాన్యపు కొట్లను గూర్చి చెప్పి, ఫారము మీదికి మరల వచ్చినాము.

ఆ ఫారములో మొదట చూడవలసినది పేరు. ఈ విషయములో మన ఇండ్లలో ఉన్నంత చిక్కు మరెక్కడను ఉండదేమో. బడి రికార్డులో వెంకటమ్మ, బాప్తిస్మము నాటి నుండి మరియమ్మ, ఆధారులో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకములో ఇంటిపేరు వెనుక, అదియు ఒక పొడి అక్షరము మాత్రమే! పుట్టిన తేదీ సంగతి చెప్పనక్కరలేదు, బడిలో చేర్చిన మాస్టరుగారు వేసినదే తేదీ. ఉద్యోగములో చేరిన దినమున ఇవన్నియు చిన్న సంగతులు. సొమ్ము అడిగిన దినమున అవే గోడలగును. మా సంఘములో ఒక విధవరాలు, భర్త పేరు రెండు విధములుగా ఉన్నందున, ఏడు నెలలు కార్యాలయముల చుట్టు తిరిగినది. మేము ఆమె వెంట నాలుగు మారులు వెళ్లినాము. కాబట్టి ఆధారు, బ్యాంకు ఖాతా, యజమాని రికార్డు, ఈ మూడింటిలో ఒకే పేరు, ఒకే తేదీ ఉండునట్లు మొదటి నెలలోనే సరిచేసికొనవలెను.

2014 నుండి ప్రతి సభ్యునికి యు.ఎ.ఎన్. అను పన్నెండు అంకెల సంఖ్య ఇచ్చుచున్నారు. ఉద్యోగము ఎన్ని మారులు మారినను ఆ సంఖ్య ఒక్కటే. కొత్త చోట చేరినప్పుడు "ఇంతకు ముందు సభ్యులా?" అని ఫారములో అడుగుదురు. మా సతీమణి రెండవ ఉద్యోగములో తొందరపడి "కాదు" అని వ్రాసినది, రెండవ సంఖ్య పుట్టినది. ఆ రెంటిని కలుపుటకు పట్టిన శ్రమ ఇప్పటికిని మా ఇంటిలో పరిహాసముగా చెప్పుకొందుము.

నామినీ సంగతి మరువరాదు. పెండ్లికి ముందు తల్లి పేరో తమ్ముని పేరో వ్రాసి, పెండ్లియైన తరువాత మార్చనివారు అనేకులున్నారు. పెండ్లి కాగానే కొత్తగా వ్రాయవలెను. ఉద్యోగములో ఉండగా సభ్యుడు మరణించిన యెడల బీమా కూడ ఉన్నది. దానికి ఉద్యోగి ఒక్క రూపాయి కట్టనక్కరలేదు, యజమానియే కట్టును. 2021 నుండి దాని గరిష్ఠ మొత్తము 7 లక్షలు. ఇది ఉన్నదని కూడ తెలియని కుటుంబములను మేము చూచినాము.

ఇంకొక మాట. స్లిప్పులో కోత కనబడినంత మాత్రమున సొమ్ము జమ అయినదనుకొనరాదు. మరుసటి నెల 15వ తేదీ లోపల యజమాని దానిని కట్టవలెను. సెల్‌ఫోనులో ఉమంగ్ యాప్ ద్వారా పాసుబుక్కు చూచుకొనవచ్చును. రెండు మూడు నెలలు ఖాళీగా కనబడినచో గౌరవముగానే కాని తప్పక అడుగవలెను.

మరి సంఘముల సంగతి? మన సంఘములలో పనిచేయువారు ఐదుగురో ఆరుగురో, ఈ ఏర్పాటు వారికి తప్పనిసరి కాదు. అయినను యజమానియు, పనివారిలో ఎక్కువమందియు ఒప్పుకొన్న యెడల స్వచ్ఛందముగా చేరవచ్చును. అది కుదరనప్పుడు, 2009 నుండి అందరికి తెరచిన జాతీయ పింఛను పథకములో వ్యక్తిగత ఖాతా తెరచి, సంఘ కమిటీ నెల నెల కొంత వేయవచ్చును. సంఘ కావలివాని కొరకు మేము ఈ సంగతి కమిటీలో రెండు మారులు ప్రస్తావించినాము. గోడకు రంగు వేయించు ఖర్చు ముందున్నదని రెండు మారులును వాయిదా పడినది. మూడవ మారు ప్రస్తావింపనున్నాము.

ఆ అమ్మాయి ఫారము నింపుట ముగించినది. అంతవరకు మౌనముగా ఉన్న తల్లి, "అయ్యగారూ, నేను వంట చేసే స్కూల్లో కూడా ఏదో కోస్తారండి. ఎనిమిదేళ్లయింది. అది ఇదేనా?" అని అడిగినది. స్లిప్పు తెమ్మన్నాము. మరుసటి ఆదివారము సంచిలో మడచి తెచ్చినది. అదే. యు.ఎ.ఎన్. సంఖ్య కూడ దాని మీదనే ఉన్నది, ఎనిమిది సంవత్సరములుగా ఆమె దానిని చదువనే లేదు. ఆమె వయస్సు 53. వచ్చే వేసవిలో పని మానివేసి, ఆ డబ్బు తీసి ఇంటికి రేకులు వేయించుకొందునన్నది.

"రేకులు తరువాత చూద్దాం. ఇంకా రెండేళ్లు ఉండమ్మా, మధ్యలో మానవద్దు" అన్నాము.