హైబ్రిడ్ కారు బ్రేకులు: స్కానరు చెప్పునది, చెప్పనిది

ఏలూరు నుండి కైకలూరు పోవు దారి కొల్లేటి నడుమగా సాగును. ఇరుప్రక్కల నీరు, చేపల లారీల నుండి కారిన తడి, శీతకాలపు వేకువలలో మంచు. ఇట్టి దారిపై కారునకు బ్రేకులే ప్రాణము. పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్తు మోటారు గల హైబ్రిడ్ రకములు 2022లో గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ కార్లలో మన దేశమున విడుదలైనవి. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో ఇట్టి కారు గల కుటుంబములకై దాని బ్రేకుల సంరక్షణమును గురించి కొంత మనవి చేయుచున్నాము.

మామూలు కారులో పెడలు త్రొక్కగానే ప్యాడ్లు డిస్కును పట్టుకొనును. వేగమంతయు వేడియై గాలిలో కలిసిపోవును. హైబ్రిడ్ కారులో మొదట మోటారే జనరేటరుగా మారి, ఆ వేగమును విద్యుత్తుగా బ్యాటరీకి పంపును. ప్యాడ్లకు పని తగ్గును. అవి చాలకాలము అరగవు. ఇది లాభమే. కాని వాడని కొడవలికి త్రుప్పు పట్టును గదా! తేమ నేలలో డిస్కులు త్రుప్పుపట్టును, కాలిపర్ పిన్నులు బిగుసుకొనును. నిత్యము మోటారే కారును నెమ్మది చేయుచుండుటచే ఈ లోపము తెలియదు. గేదె అడ్డము వచ్చి గట్టిగా త్రొక్కిన క్షణమున, లేదా బ్యాటరీ నిండియున్న వేళ, భారము ప్యాడ్లపై పడును. లోపము బయటపడునది అప్పుడే.

ఇక స్కానరు సంగతి. స్టీరింగు క్రింది 16 పిన్నుల సాకెట్టుకు దీనిని తగిలింతురు. బయటి బజారులో చవకగా దొరకు వానిలో పెక్కు ఇంజను కోడ్‌లను మాత్రమే చదువును. బ్రేకు కంప్యూటరులోనికి పోజాలవు. కావున కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. మన కారు నమూనాకు బ్రేకు కోడ్‌లను చదువునా? విద్యుత్తు పార్కింగు బ్రేకును సర్వీసు స్థితిలో పెట్టగలదా? బ్రేకు ఆయిలు మార్చునపుడు పంపును, వాల్వులను నడిపి గాలి తీయగలదా?

ఈ ప్రశ్నలకు కారణము కలదు. విద్యుత్తు పార్కింగు బ్రేకు గల వెనుక కాలిపరులో చిన్న మోటారు పిస్టనును పట్టియుంచును. బలవంతముగా నొక్కినచో అది చెడును. కొన్ని హైబ్రిడ్లలో తలుపు తెరచినను, పెడలు తాకినను బ్రేకు పంపు తనంతట తానే పనిచేయును. అప్పుడు కాలిపరులో వ్రేలున్నచో నలిగిపోవును. ఒకరు పెడలు త్రొక్కగా మరొకరు నట్టు వదులు పాత పద్ధతిచే ఇట్టి బ్రేకులలో గాలి పూర్తిగా పోదు. తయారీదారు పుస్తకములోని క్రమమునే అనుసరింపవలెను.

స్కానరు చెప్పని సంగతులును కలవు. ప్యాడు మందము, డిస్కు త్రుప్పు, బిగిసిన పిన్ను సాధారణముగా దానికి తెలియవు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకము క్రొత్తదైనపుడు కనీసము 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదు. నిర్ణీతమైన తేమ చేరిన పిమ్మట ఈ హద్దు 155 డిగ్రీలకు దిగును. ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుట్టినచో పెడలు అడుగునకు దిగిపోవును. ఇదియు స్కానరు తెరపై కనబడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటిలో కలిసినపుడు లంకగ్రామముల దారులు నీట మునిగినవి. అట్టి నీటిలో నడచిన కారునకు చక్రములు విప్పించి, పిన్నులు శుభ్రపరచి, తగిన గ్రీజు పెట్టింపవలెను. వరద రాకున్నను వానలు వెలసిన పిదప ఏటేట ఈ పని చేయించుట మేలు. ఆయిలును తయారీదారు చెప్పిన గడువుకు మార్పింపుడు. మెకానిక్కు కోడ్ చెరుపుటకు ముందు దానిని కాగితముపై వ్రాయించుకొనుడు. కోడ్ చెరిపినంత మాత్రమున లోపము తీరదు. తెరపై ఏ కోడ్ లేకున్నను, చక్రము విప్పి కంటితో చూచిన పిమ్మటనే బ్రేకులు బాగున్నవని నమ్ముడు.