చేపల తొట్టికి హీటరు - నమ్మదగినదాని ఎంపిక



గాజుతొట్టిలో చేపలను పెంచుకొను గృహములలో, చలికాలమున నీటిని వెచ్చగా నుంచుటకై వాడు విద్యుత్ హీటరును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఇది పిల్లల వేడుకకు సంబంధించిన సంగతి గదా, పెద్దలకు దీనితో నేమి పని యని మీలో కొందరు తలపవచ్చును. కాని యీ దినములలో పల్లెటూళ్ల యిండ్లలో సైతము ఇట్టి తొట్లు కానవచ్చుచున్నవి. తొట్టిని కోరి తెప్పించుకొన్న మనుమలు బడికి పోవుదురు. కొడుకులు, కోడండ్రు పనులకు పోవుదురు. పగలంతయు దానికి కావలి యుండువారు ఇంటిపట్టున నుండు పెద్దలే. చేపకు సంస్కృతమున అనిమిష మను పేరు గలదు. రెప్పపాటు లేనిదని దాని యర్థము. ఆ జీవి రెప్ప వేయదు, నోరెత్తి మొరపెట్టుకొనదు. దాని బాధను మనమే కనిపెట్టవలయును. అంతియే కాదు, నీరును విద్యుత్తును ఒకచోట చేరిన ఆ తొట్టిలో పసిబిడ్డలు చేయి పెట్టుచుందురు. కావున ఈ పరికరము విషయమున ఏమరుపాటు చేపలకే కాక మనుష్యులకును ప్రాణాపాయమును తేగలదు.

ముందుగా హీటరు అవసరమా యను ప్రశ్నను విచారింతము. మన శరీరమునకు వలె చేప శరీరమునకు స్వంతమైన వేడిమి లేదు. నీరు ఎంత చల్లనిదో దాని మేనును ఇంచుమించుగా అంత చల్లనిది. నీరు మిక్కిలి చల్లబడినచో దాని జీర్ణశక్తి మందగించును, రోగములను తట్టుకొను శక్తి తగ్గును. హఠాత్తుగా చలి సోకిన పిమ్మట మేనిపై ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు పుట్టు వ్యాధి చేపలకు తరచుగా వచ్చుచుండును. అధికమైన వేడిమియు అంతే కీడు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడి యుండగా, 30 డిగ్రీలలో ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే యిముడును. నీరు వేడెక్కుకొలది చేపకు ఊపిరి కావలసినది హెచ్చును, దొరకునది తగ్గును.

అన్ని చేపలకును ఒకే వేడిమి పనికిరాదు. బంగారు చేప చలిని ఓర్చునది. దానికి 18 మొదలు 22 డిగ్రీల వరకు హాయిగా నుండును, హీటరుతో పనిలేదు. మలేరియా శాఖవారు దోమపిల్లలను తినుటకై నీటి మడుగులలో వదలు గప్పీ చేపకు 22 మొదలు 28 వరకు సరిపోవును. ఫైటర్ చేపకును, ఏంజెల్ చేపకును 24 మొదలు 28 వరకు వలయును. డిస్కస్ చేప 28కి తగ్గినచో బాధపడును. కాబట్టి బంగారు చేపను, డిస్కస్ చేపను ఒక్క తొట్టిలో నుంచుట రెంటికిని అన్యాయమే. మన కోస్తా జిల్లాలలో సంవత్సరమున అధికభాగము తొట్టినీరు తనంతట తానే వెచ్చగా నుండును. మార్గశిర పుష్య మాసముల రాత్రులందు మాత్రము సాయము కావలసి రావచ్చును. ఆదిలాబాదు ప్రాంతమునను, అరకు, లంబసింగి వంటి మన్యప్రదేశములందును శీతకాలపు రాత్రులలో గాలి 10 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. అట్టిచోట్ల ఉష్ణదేశపు చేపలకు హీటరు తప్పదు.

ఇక దాని నిర్మాణమును చూతము. గాజు గొట్టములో వేడెక్కు తీగచుట్ట యొకటి, దానిపైన థర్మోస్టాటు అను కాపరి యొకటి యుండును. బండిచక్రమునకు ఇనుపపట్టా వేయునపుడు కమ్మరి దానిని కాల్చి పెద్దది చేసి తొడిగి, చల్లార్చి బిగించుటను మీరందరును చూచియుందురు. లోహము వేడికి సాగునను ఆ సూత్రమే ఇక్కడను పనిచేయును. వేడికి హెచ్చుగా సాగు లోహమును, తక్కువగా సాగు లోహమును అంటించి చేసిన పట్టీ, నీరు వెచ్చబడినపుడు ఒకవైపునకు వంగును. అంతట విద్యుత్తు తెగును. చల్లబడినపుడు మరల చక్కబడి విద్యుత్తును కలుపును. ఈ కలియుట, తెగుట దినమునకు అనేక పర్యాయములు జరుగుచుండగా, అంటుకొను మొనలవద్ద సన్నని రవ్వలు లేచి అవి క్రమముగా పాడగును. కొంతకాలమునకు రెండు మొనలు కరగి యతుకుకొనిపోవచ్చును. అప్పుడు హీటరు ఆరక వెలుగుచునే యుండును, చేపలు ఉడికిపోవును. లేదా మొనలు కలియకయే పోవచ్చును. అప్పుడు నీరు చల్లబడిపోవును. ఈ దినములలో వచ్చు ఎలక్ట్రానిక్ థర్మోస్టాట్లు హెచ్చు నిక్కచ్చిగా పనిచేయును గాని, అవియును ఎన్నటికిని చెడనివి కావు.

కావున నమ్మదగిన హీటరనగా ఎన్నడును చెడనిదని కాదు. చెడినప్పటికిని మనకు కనిపెట్టుటకు వ్యవధి యిచ్చునదే నమ్మదగినది. కొనునపుడు ఈ యొక్క మాటను మనస్సున నుంచుకొనవలయును.

దీనిని లెక్కవేసి చూతము. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. ఒక్క లీటరు నీటి వేడిమిని ఒక్క డిగ్రీ పెంచుటకు సుమారు 4,186 జౌళ్ల శక్తి కావలయును. ఈ లెక్కన 50 వాట్ల హీటరు ఆ తొట్టినీటిని ఒక్క డిగ్రీ పెంచుటకు సుమారు 78 నిమిషములు పట్టును. 300 వాట్లదానికి 13 నిమిషములు చాలును. రెండును ఆరక నిలిచిపోయినవనుకొనుడు. పెద్దది రెండుగంటల పది నిమిషములలో 26 డిగ్రీల నీటిని 36 డిగ్రీలకు తెచ్చును. మనము అన్నము తిని కునుకు తీసి లేచునంతలో చేపలు చచ్చియుండును. చిన్నదానికి, గాలిలోనికి పోవు వేడిని లెక్కింపకున్నను, 13 గంటలు పట్టును. ఆ వేడియు పోవుచుండుటచే అది యంతవరకు చేరకయే పోవచ్చును. పెద్దది మేలని తలచి పెద్దదానిని కొనుట ఇందుచేతనే పొరపాటు.

గది వేడిమికంటె 5 డిగ్రీలు హెచ్చుగా నుంచుటకు లీటరుకు ఒక వాట్టు చొప్పున చాలునని వాడుక. 56 లీటర్లకు 50 వాట్లు సరిపోవును. మన్యప్రాంతములందు దానికి రెట్టింపు కావచ్చును. అదియును ఒకే 100 వాట్ల హీటరుగా కాక, 50 వాట్లవి రెండుగా తొట్టి రెండు కొనలందు నుంచుట మేలు. జోడెద్దులలో ఒకటి కుంటుపడినను బండి నడిబాట నిలువదు. అట్లే ఒకటి ఆరిపోయినను రెండవది కొంత వెచ్చదనము నిలుపును. ఒకటి ఆరక నిలిచినను ఒక్కదాని శక్తితో తొట్టి త్వరగా కాగదు.

దీనికి తోడు, హీటరుతో సంబంధము లేని వేరొక నియంత్రకమును గోడ ప్లగ్గుకును హీటరునకును నడుమ అమర్చవచ్చును. దీని కొన నీటిలో నుండి వేడిమిని చూచుచుండును. హీటరు థర్మోస్టాటును 26 డిగ్రీలకును, ఈ నియంత్రకమును 28 డిగ్రీలకును పెట్టినచో, మొదటిది చెడినపుడు రెండవది విద్యుత్తును తెంపును. తూము తలుపు బిగిసిపోయినను అలుగు సరిగానున్న చెరువుగట్టు తెగదుగదా! ఇదియు అట్టిదే. మూడవది థర్మామీటరు. హీటరుపై నంకె 26 అని యున్నంతమాత్రమున నీరు 26 డిగ్రీలని నమ్మరాదు. నీటిలో ముంచు థర్మామీటరు నొకదానిని వేరుగా కొని ఉదయము, సాయంకాలము చూచుచుండవలయును.

అంగడిలో పెట్టెమీది వ్రాతను చదువుడు. 230 వోల్టులు, 50 హెర్ట్జులు అని యుండవలయును. విదేశములనుండి బంధువులు తెచ్చిన హీటరుల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. అమెరికాలో గృహములకు వచ్చు విద్యుత్తు 120 వోల్టులు. ఆ దేశపు హీటరును మన 230 వోల్టులకు తగిలించినచో అది మూడున్నర రెట్లకు మించిన శక్తిని లాగి క్షణములలో పాడగును, గొట్టము పగులవచ్చును. మధ్య తగిలించు మార్పిడి ప్లగ్గు పుల్లల ఆకారమును మార్చునే గాని వోల్టులను మార్చదు. వోల్టేజి తగ్గిన ఊళ్లలో దీనికి విరుద్ధమైన చిక్కు కలదు. 230కి బదులు 180 వోల్టులే వచ్చినపుడు 50 వాట్ల హీటరు 30 వాట్లంతటి పనియే చేయును. మరియు ఐ.పి.ఎక్స్.8 లేక ఐ.పి.68 అను గుర్తును వెదకుడు. ఎల్లప్పుడును నీట మునిగియుండుటకు తగినదని ఈ చివరి 8 అంకెకు అర్థము. 7 అంకె కొద్దిసేపు మునుగుటకు మాత్రమే చెల్లును. స్నానపు నీళ్లు కాచుకొను కడ్డీ హీటరును తొట్టిలో పెట్టుట ఎంతమాత్రమును కూడదు. దానికి వేడిమి చూచుకొను కాపరి లేదు, అది సాధారణముగా 1,000 వాట్లు లేక అంతకు మించినదై యుండును.

తెచ్చినవెంటనే చేపల మధ్య నుంచక, చేపలు లేని తొట్టిలో మూడు దినములు పరీక్షింపుడు. నీటిలో ముంచి, అరగంట ఆగి, పిమ్మట ప్లగ్గు పెట్టుడు. పొడిగాలిలో వెలిగింపరాదు. నీరు కోరిన వేడిమికి రాగానే దీపము ఆరి, చల్లబడగానే వెలుగుచున్నదా? మూడు దినములును థర్మామీటరు ఇంచుమించు ఒకే అంకె చూపుచున్నదా? దీపము ఎప్పుడును ఆరకున్నచో అది చాలనిదో, చెడినదో అయి యుండును. రెంటిలో ఏదైనను తిరిగి యిచ్చివేయుట మంచిది.

కడపట మనుష్యులను గూర్చి. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు స్విచ్చి ఆర్పుట చాలదు, ప్లగ్గును ఊడదీయవలయును. పిల్లలకు ఈ యొక్క నియమమును ఎక్కములవలె వల్లింపజేయుడు. తీగ ప్లగ్గుకంటె దిగువకు వ్రేలాడి మరల పైకి పోవునట్లు అమర్చినచో, తీగవెంట జారు నీరు ప్లగ్గులోనికి పోక క్రింద పడును. ఇంటికి సరియైన ఎర్తు ఉండవలయును. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. యను రక్షణ స్విచ్చిని ఎలక్ట్రీషియనుచేత పెట్టించినచో, విద్యుత్తు మనుష్యుని మీదుగా కారబోవునపుడు అది తెంపివేయును. నీరు మార్చునపుడు ప్లగ్గు తీసి అరగంటసేపు హీటరును చల్లారనిండు. వేడి గొట్టము గాలి తగిలిన తరువాత చల్లని నీరు పడినచో పగులును. గొట్టముపై గీచిన నీటిమట్టపు గుర్తుకంటె నీరు ఎన్నడును తగ్గరాదు. కరెంటు పోయిన రాత్రి తొట్టికి చుట్టును దుప్పటి కప్పి, పైన గాలికి సందు విడిచిన చాలును. వేడినీళ్లు కుమ్మరింపరాదు.

పిల్లలు వేడుకకు తెచ్చిన ప్రాణులకు పెద్దలు చూపు శ్రద్ధయే ఆ పిల్లలకు మొదటి పాఠము. ఇంటనున్న తొట్టి థర్మామీటరును రేపు ఉదయము ఒకసారి చూడుడని కోరుచు సెలవు గైకొనుచున్నాను.