దర్శనం టికెట్ల టైమ్‌కే బ్రౌజర్ క్రాష్ అవుతోందా? తప్పు సర్వర్‌ది కాకపోవచ్చు.. ముందు మీ ఎక్స్‌టెన్షన్లు చెక్ చేయండి

తిరుపతి: నెలలో 24వ తేదీ, ఉదయం 10 గంటలు. తిరుమల శ్రీవారి రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను టీటీడీ సాధారణంగా ఆన్‌లైన్‌లో విడుదల చేసే టైమ్ ఇదే. మూడు నెలల తర్వాతి దర్శనానికి ఇప్పుడే పోటీ. అదే రోజు మధ్యాహ్నం 3 గంటలకు గదుల కోటా. దేశమంతా ఒకేసారి సైట్ మీద పడుతుంది. తిరుపతి, చిత్తూరులో నెట్ సెంటర్లన్నీ ఆ గంటలో కిటకిటే.

లాగిన్ అయ్యారు. ఓటీపీ వచ్చింది. క్యూలో నిలబడ్డారు. తేదీ, స్లాట్ ఎంచుకుని పేర్లు, ఆధార్ నంబర్లు ఎంటర్ చేస్తుండగా.. పేజీ తెల్లగా అయిపోయింది. లేదంటే బ్రౌజర్ మొత్తం క్లోజ్ అయిపోయింది. మళ్లీ ఓపెన్ చేసేలోపు కోటా ఖాళీ. "సర్వర్ డౌన్ అన్నా" అని అందరూ అనేస్తారు. నిజంగానే కొన్నిసార్లు రద్దీ వల్ల సర్వర్ నెమ్మదిస్తుంది. కానీ పక్క సిస్టమ్‌లో అదే సైట్ బాగానే నడుస్తూ, మీ సిస్టమ్‌లో మాత్రమే పడిపోతుంటే? అప్పుడు చూడాల్సింది మీ బ్రౌజర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న ఎక్స్‌టెన్షన్ల వైపు.

సర్వర్ సమస్యా? బ్రౌజర్ సమస్యా? ఇలా తెలుసుకోండి

రెండింటికీ తేడా స్క్రీన్ మీదే కనిపిస్తుంది. '503', '504' లాంటి నంబర్లతో ఎర్రర్ వచ్చినా, క్యూలో వెయిట్ చేయండి అన్న పేజీ వచ్చినా.. అది సర్వర్ వైపు సంగతి. మీ బ్రౌజర్ సరిగ్గానే పని చేస్తోంది, అవతలి నుంచి జవాబే ఆలస్యమవుతోంది. అలాంటప్పుడు ఎక్స్‌టెన్షన్లు తీసేసినా లాభం లేదు.

క్రోమ్‌లో 'ఆ, స్నాప్!' అనే మెసేజ్‌తో ఒక్క ట్యాబ్ మాత్రమే పోయినా, 'పేజ్ అన్‌రెస్పాన్సివ్' అంటూ వెయిట్ చేస్తారా, క్లోజ్ చేస్తారా అని అడిగినా.. ఆ సమస్య మీ కంప్యూటర్‌లోనే ఉంది. ర్యామ్ చాలకపోవడం ఒక కారణం కావచ్చు. ఎక్స్‌టెన్షన్ ఇంకో కారణం కావచ్చు. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి.

బ్రౌజర్ మొత్తం ఒక్కసారిగా మూసుకుపోతే మాత్రం ఎక్స్‌టెన్షన్లతో పాటు యాంటీ వైరస్, గ్రాఫిక్స్ డ్రైవర్ లాంటివి కూడా అనుమానించాల్సిందే.

ఎక్స్‌టెన్షన్ అసలేం చేస్తుంది?

ఎక్స్‌టెన్షన్ లేదా యాడ్-ఆన్ అంటే బ్రౌజర్‌కు అదనపు పని నేర్పే చిన్న ప్రోగ్రామ్. యాడ్స్ ఆపేవి, వీడియోలు డౌన్‌లోడ్ చేసేవి, పీడీఎఫ్ మార్చేవి, కూపన్లు వెతికేవి, స్క్రీన్‌ను నలుపు రంగులోకి మార్చే డార్క్ మోడ్‌వి, వీపీఎన్‌లు.. ఇలా వేల రకాలు. క్రోమ్‌లో 2010 నుంచి ఇవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో అంతకన్నా ముందు నుంచే ఉన్నాయి.

వీటిలో చాలావాటికి ఒక భాగం మీరు తెరిచిన ప్రతి పేజీలోకీ దూరి పని చేస్తుంది. డార్క్ మోడ్ ఎక్స్‌టెన్షన్ పేజీలోని ప్రతి అక్షరం, ప్రతి బటన్ రంగు మార్చాలి. స్పెల్లింగ్ చెక్ చేసేది మీరు టైప్ చేసే ప్రతి బాక్స్‌నూ గమనిస్తూ ఉండాలి. యాడ్ బ్లాకర్ పేజీ నుంచి వెళ్లే ప్రతి రిక్వెస్ట్‌నూ తన లిస్ట్‌తో పోల్చి చూడాలి. మామూలు పేజీ అయితే ఈ పని తేలికే. కానీ టికెట్ బుకింగ్ పేజీ క్షణక్షణానికీ మారుతుంది. స్లాట్లు అప్‌డేట్ అవుతాయి, టైమర్ తిరుగుతుంది, ఫామ్ పెరుగుతుంది. మార్పు జరిగిన ప్రతిసారీ ఎక్స్‌టెన్షన్ మళ్లీ మొదటి నుంచి పని చేయడం మొదలుపెడితే మెమరీ నిండిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌లో ఇక చెప్పేదేముంది.. ట్యాబ్ పడిపోతుంది.

ఇంకో సంగతి. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్‌లు బ్రౌజర్ లోపలి భాగాలనే నేరుగా మార్చగలిగేవి. అందుకే ఒక్క యాడ్-ఆన్ చెడితే బ్రౌజర్ మొత్తం కూలేది. 2017 నవంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 నుంచి ఆ పాత పద్ధతిని మొజిల్లా ఆపేసింది. క్రోమ్ అయితే ట్యాబ్‌లను, ఎక్స్‌టెన్షన్లను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతుంది. అందుకే ఇప్పుడు బ్రౌజర్ మొత్తం పోవడం కన్నా ఒక్క ట్యాబ్ పోవడమే ఎక్కువగా కనిపిస్తుంది.

"నిన్నటి దాకా బాగానే ఉంది కదా?"

అందరూ అడిగే ప్రశ్న ఇది. మీరు ఏమీ మార్చకపోయినా ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి. మీకు నోటిఫికేషన్ కూడా రాదు. రాత్రి అప్‌డేట్‌లో ఏదైనా తప్పు దొర్లితే ఉదయం 10 గంటలకే ఆ సంగతి బయటపడుతుంది.

ఒక్కోసారి బ్రౌజర్ కంపెనీ వైపు నుంచే సమస్య వస్తుంది. 2019 మే నెల మొదట్లో మొజిల్లా సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు ముగిసిపోవడంతో ప్రపంచవ్యాప్తంగా ఫైర్‌ఫాక్స్ యూజర్ల యాడ్-ఆన్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. యూజర్ల తప్పు ఇందులో ఏమీ లేదు. కంపెనీ అప్‌డేట్ ఇచ్చాకే అవి మళ్లీ పని చేశాయి.

స్టెప్ 1: ఇన్‌కాగ్నిటోలో టెస్ట్ చేయండి

అన్నింటికన్నా సులువైన పరీక్ష ఇది. క్రోమ్‌లో కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి 'న్యూ ఇన్‌కాగ్నిటో విండో' తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు ఇందులో పని చేయవు. అదే సైట్ ఇందులో క్రాష్ కాకుండా నడిస్తే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదకే వెళ్తుంది. ఇన్‌కాగ్నిటోలో కొత్తగా లాగిన్ కావాలి, ఓటీపీ మళ్లీ వస్తుంది. అది గుర్తుంచుకోండి. క్రోమ్‌లోని గెస్ట్ మోడ్‌తో కూడా ఇలాగే టెస్ట్ చేయొచ్చు. అందులో మీ ఎక్స్‌టెన్షన్లేవీ ఉండవు.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు మెనూలో 'హెల్ప్' లోకి వెళ్లి 'ట్రబుల్‌షూట్ మోడ్' ఎంచుకోండి. బ్రౌజర్ రీస్టార్ట్ అయి యాడ్-ఆన్‌లు లేకుండా తెరుచుకుంటుంది. పాత వెర్షన్లలో దీన్నే సేఫ్ మోడ్ అనేవాళ్లు. ఒక్క జాగ్రత్త: ఈ మోడ్‌లో యాడ్-ఆన్‌లతో పాటు థీమ్, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ కూడా ఆఫ్ అవుతాయి. కాబట్టి ఇందులో బాగా నడిచిందంటే తప్పు కచ్చితంగా యాడ్-ఆన్‌దే అనుకోకూడదు. మామూలు మోడ్‌లోకి వచ్చి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఒక్కటే ఆఫ్ చేసి చూడండి. అప్పటికీ క్రాష్ అవుతుంటే అప్పుడు యాడ్-ఆన్‌ల పని పట్టండి.

స్టెప్ 2: ఎవరు ఎంత తింటున్నారో చూడండి

క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ, ఎంత సీపీయూ వాడుతోందో వరుసగా చూపిస్తుంది. అందరికన్నా పైన ఒక ఎక్స్‌టెన్షన్ పేరు కనిపిస్తే దాన్ని అక్కడే ఎండ్ చేయొచ్చు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. పేజీలోపల దూరి పని చేసే భాగం వాడిన మెమరీ ఆ ట్యాబ్ ఖాతాలోకే వెళ్తుంది. అంటే లిస్ట్‌లో సైట్ పేరే పైన కనిపిస్తుంది, అసలు కారణం ఎక్స్‌టెన్షన్ అయి ఉంటుంది. కాబట్టి టాస్క్ మేనేజర్‌లో ఏమీ తేలకపోతే తర్వాతి స్టెప్ తప్పదు.

స్టెప్ 3: సగం సగం పద్ధతి

మీ బ్రౌజర్‌లో 12 ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటే ఆఫ్ చేసి చూస్తే 12 సార్లు టెస్ట్ చేయాల్సి రావచ్చు. దానికన్నా తెలివైన దారి ఉంది.

- మూడు చుక్కల మెనూలో 'ఎక్స్‌టెన్షన్స్', అందులో 'మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్' తెరవండి.
- 12లో 6 ఆఫ్ చేయండి. బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ తెరిచి అదే పని చేసి చూడండి.
- క్రాష్ ఆగిందా? దొంగ ఆఫ్ చేసిన ఆరింటిలో ఉన్నట్టు. ఆగలేదా? ఇంకా ఆన్‌లో ఉన్న ఆరింటిలో ఉన్నట్టు.
- ఆ ఆరింటిని మూడు మూడుగా విడగొట్టి మళ్లీ చూడండి. తర్వాత మూడింటిలోనూ అంతే.

ఇలా చేస్తే ఎక్కువలో ఎక్కువ నాలుగు టెస్టుల్లో అసలుది బయటపడుతుంది. విడివిడిగా బాగానే ఉండి, రెండూ కలిసినప్పుడే గొడవ పడే జంటలు కూడా ఉంటాయి. ఒకే బ్రౌజర్‌లో రెండు యాడ్ బ్లాకర్లు పెట్టుకోవడం ఇందుకు ఉదాహరణ. సగం సగం పద్ధతిలో లెక్క కుదరకపోతే ఇలాంటి జంట ఏదైనా ఉందేమో చూడండి. ఒకే పని చేసేవి రెండుంటే ఒకటి తీసేయండి.

దొరికిన తర్వాత? ముందు దానికి కొత్త అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే రిమూవ్ చేయండి. అది తప్పనిసరిగా కావాల్సిందే అయితే టికెట్లకు, బ్యాంక్ పనులకు వేరే ప్రొఫైల్ పెట్టుకోండి.

నెట్ సెంటర్లకు ముఖ్యంగా..

పది మంది వాడే సిస్టమ్‌లో పది రకాల ఎక్స్‌టెన్షన్లు చేరిపోతాయి. ఒకరు సినిమా డౌన్‌లోడ్ కోసం వేసింది, ఇంకొకరు పీడీఎఫ్ కోసం వేసింది అలాగే మిగిలిపోతాయి. క్రోమ్‌లో 'బుకింగ్' పేరుతో విడిగా ఒక ప్రొఫైల్ క్రియేట్ చేసి, అందులో ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా లేకుండా ఉంచండి. దర్శనం టికెట్లు, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు, పరీక్ష ఫీజులు లాంటి టైమ్‌తో పని ఉన్నవన్నీ అందులోనే చేయండి. క్రాష్‌లు తగ్గడమే కాదు, కస్టమర్ల వివరాలకు కూడా ఇదే భద్రత.

ఎందుకంటే ఫామ్ దానంతట అదే నింపేస్తుందని చెప్పే కొన్ని ఎక్స్‌టెన్షన్లు 'అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా చదవడానికి, మార్చడానికి' అనుమతి అడుగుతాయి. ఓకే నొక్కామంటే పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు అన్నీ దాని కళ్ల ముందే. మంచి పేరున్న ఎక్స్‌టెన్షన్ కూడా చేతులు మారొచ్చు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చే 'ది గ్రేట్ సస్పెండర్' అనే ఎక్స్‌టెన్షన్ సంగతి చూడండి. ఎంతో మంది నమ్మి వాడారు. 2020లో కొత్త యాజమాన్యం చేతిలోకి వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో అందులో మాల్‌వేర్ ఉందంటూ గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది.

టీటీడీ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు కూడా బయటపడ్డాయి. 2023లో వాటిపై టీటీడీ ఫిర్యాదుతో పోలీసు కేసు కూడా నమోదైంది. క్రాష్ అయిన కంగారులో గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన లింక్ నొక్కేయడం ప్రమాదం. అధికారిక సైట్‌ను ముందుగానే బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి.

డబ్బులు కట్ అయ్యాక క్రాష్ అయితే?

వెంటనే రెండోసారి పే చేయకండి. ముందు బ్యాంక్ మెసేజ్ వచ్చిందో లేదో చూడండి. తర్వాత మళ్లీ లాగిన్ అయి బుకింగ్ హిస్టరీ చెక్ చేయండి. పేజీ కనిపించకపోయినా టికెట్ బుక్ అయి ఉండొచ్చు.

డబ్బులు కట్ అయి, టికెట్ రాకపోతే? ఫెయిలైన లావాదేవీలపై రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన నిబంధనలు ఉన్నాయి. అవతలి సంస్థకు కన్ఫర్మేషన్ అందని ఆన్‌లైన్ కార్డ్, యూపీఐ చెల్లింపులను లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. అందుకే లావాదేవీ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. మోసపోయామని తేలితే 1930 నంబర్‌కు కాల్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ముందు రోజు రాత్రే ఇవి చేసేయండి

- బ్రౌజర్ అప్‌డేట్ చేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి.
- ఎక్స్‌టెన్షన్లు లేని ప్రొఫైల్‌లో లాగిన్ టెస్ట్ చేయండి.
- వీపీఎన్ ఉంటే ఆఫ్ చేయండి.
- యాత్రికుల పేర్లు, ఆధార్ నంబర్లు పేపర్ మీద రాసి పక్కన పెట్టుకోండి.
- బుకింగ్ టైమ్‌లో మిగతా ట్యాబ్‌లన్నీ క్లోజ్ చేయండి.
- బ్యాకప్‌గా ఫోన్‌ను దగ్గర ఉంచుకోండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు కాబట్టి ఈ సమస్య అక్కడ రాదు.

ఇవన్నీ చేసినా టికెట్ గ్యారంటీ అని చెప్పలేం. కోటా తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. కానీ క్యూలో మీ వంతు వచ్చాక బ్రౌజర్ చేతులెత్తేయకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. కోటా విడుదల తేదీలు, టైమింగ్స్ ఒక్కోసారి మారుతుంటాయి కాబట్టి బుకింగ్‌కు ముందు టీటీడీ ప్రకటన చూసుకోవడం మరిచిపోకండి.