కోతికి ఏది వాటమైన చెయ్యి?

సింహాచలము మెట్లదారిలో కొబ్బరిచిప్పను చేజిక్కించుకొన్న కోతిని మనలో చాలమందిమి చూచియే యుందుము. అది ఒక చేతితో చిప్పను పట్టుకొని, రెండవ చేతి వ్రేళ్లతో కొబ్బరిని గిల్లుకొని తినును. ఆ గిల్లు చెయ్యి కుడిదా, ఎడమదా యని మాత్రము మనము గమనింపము.

మనుష్యులలో నూటికి దాదాపు 90 మంది కుడిచేతివాటమువారు. మరి, మన దగ్గరి చుట్టములైన వానరముల సంగతి యేమి?

నేలమీది శనగగింజను తీయుటకు ఏ చెయ్యి దగ్గరగా నున్న ఆ చెయ్యియే ముందుకు వచ్చును. అట్టి తేలికపనివలన వాటము తెలియదు. రెండు చేతులకును పని కల్పింపవలెను. అందులకై శాస్త్రజ్ఞులు ఒక గొట్టము లోపల వేరుసెనగ ముద్ద పూసి చింపాంజీకి ఇత్తురు. ఒక చెయ్యి గొట్టమును పట్టును. రెండవ చేతి వ్రేలు ముద్దను తీయును. తీయునదియే వాటమైన చెయ్యి.

మనుష్యుల సంరక్షణలో నున్న 777 పెద్ద వానరములను ఇట్లు పరీక్షించి 2011లో ఫలితములు ప్రకటించిరి. చింపాంజీలు, బొనొబోలు, గొరిల్లాలు ఎక్కువగా కుడిచేతినే వాడినవి. ఒరాంగుటాన్‌లు ఎక్కువగా ఎడమచేతిని వాడినవి. అయినను మనుష్యులలో వలె నూటికి 90 కుడివైపునకు మొగ్గలేదు. పని మారిన వాటమును మారవచ్చును. ఆఫ్రికాలోని గోంబే అడవి చింపాంజీలు పుల్లతో చెదపురుగులను పట్టునపుడు ఎక్కువగా ఎడమచేతిని వాడుచున్నవని 2005లో తేలినది. మైసూరు చాముండికొండ కోతులలో రెండు చేతులును పనిని పంచుకొనుచున్నవని 2014లో ప్రకటించిరి.

దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? ఏదో ఒక చేతిపై మక్కువ మనుష్యునితో పుట్టినది కాదు, అంతకంటె ప్రాచీనమైనది. తల్లి గర్భములోని శిశువు సయితము తరచుగా ఒకే చేతి బొటనవ్రేలిని చీకుచుండును. కావున పుర్రచేతి బిడ్డ పెంకితనమువలన ఎడమచేత బలపము పట్టుటలేదు.

కుడిచేత భుజించుట మన ఆచారము. దానిని మెల్లగా, ప్రేమతో నేర్పవచ్చును. కాని వ్రాతకు ఏ చెయ్యి వాటమో బిడ్డ చేతులకు తెలియును. ఆ చేతిపై దెబ్బ వేయుట తగదు.

ఈసారి సింహాచలము వెళ్లినపుడు కోతికి తిండి పెట్టక, దూరముననే నిలిచి దాని చేతులను గమనింపుడు. ఇంటికి వచ్చి మన పిల్లల చేతులను గూడ అంతే ఓర్పుతో చూతము.