గర్భస్రావపు మాత్రలు – ఎవరికి తగును, ఎవరికి తగవు



నేటి ప్రసంగవిషయము పదిమందిలో పలుకుటకు మనకు సంకోచము కలిగించునది. అయినను ఊరిలో చదువు వచ్చిన పెద్దవానియొద్దకే జనులు మందుపెట్టెలోని కాగితము తెచ్చి, "ఇందులో ఏమున్నది, కాస్త చదివి చెప్పండి" అని అడుగుదురు. బడిపంతులుగా బ్రదికిన నాకది అలవాటే. నేను వైద్యుడను గాను. వైద్యులు నిర్ణయించిన నియమములను మన తెలుగున విప్పి చెప్పువాడను మాత్రమే.

ఇవి ఒక మాత్ర కాదు, రెండు మందులు. మొదటిది మిఫెప్రిస్టోన్. గర్భమును నిలిపియుంచు ప్రొజెస్టరోన్ అను హార్మోను పనిని ఇది అడ్డగించును. దీనికి ఫ్రాన్సు దేశమున 1988లోను, మనదేశమున 2002లోను అనుమతి లభించినది. రెండవది మైసోప్రోస్టాల్. కడుపులోని పుండ్లకు ఔషధముగా పుట్టిన యీ మందు గర్భాశయమును ముడుచుకొనజేసి లోనిదానిని వెడలించును. దీనిని మొదటి మందునకు ఒకటి రెండు దినముల పిమ్మట వాడుదురు. తగినవారు తగినకాలమున వాడినచో నూటికి 95 మందికి పైగా పని ముగియును. పూర్వము పుల్లలతోను పసరులతోను ప్రాణములు తీసికొన్న ఆడువారి సంగతి తలచినచో ఇది గొప్ప మేలే. కాని తగినకాలమేది, తగినవారెవరు అనునదియే ప్రశ్న.

మనదేశపు నియమముల ప్రకారము 9 వారములు, అనగా 63 దినములు, దాటని గర్భమునకే ఈ మాత్రలు. ఈ లెక్క నెల తప్పిన నాటినుండి కాదు, కడపటి ముట్టు మొదటి దినమునుండి మొదలగును. పొరపాటంతయు ఇచ్చటనే జరుగుచున్నది. నెల తప్పి "ఒక నెలయైనది" అని ఇల్లాలు చెప్పునప్పటికి నిజముగా 58 దినములు గడచియుండును, మిగిలినవి అయిదే. పంచాంగము చూచి లెక్కించువారికి ఇంకొక మాట: చాంద్రమాసము సుమారు 29న్నర దినములు గనుక, గడువు రెండు మాసములపై నాలుగు దినములు మాత్రమే. గర్భము పెద్దదగుకొలది రక్తస్రావము హెచ్చును, కొంత లోపల మిగిలిపోవును. గడువు దాటినవారికి ఆసుపత్రిలో వేరు పద్ధతులు గలవు.

కాలము తరువాత స్థానము. ఒక్కొక్కప్పుడు గర్భము గర్భాశయములో గాక ప్రక్కనున్న నాళములో నిలుచును. ఈ మాత్రలు దానిని తొలగింపజాలవు. నాళము పగిలినచో కడుపులోపలనే రక్తము కారి గంటలలో ప్రాణాపాయము కలుగును. అందలి మోసమేమనగా, మాత్ర వేసికొన్నవారికి నొప్పియు రక్తమును సహజమే గదా అని ఇంటివారు ఊరకుందురు. పొత్తికడుపున ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, భుజమున పోటు, కన్నులు బైర్లు క్రమ్మి పడిపోవుట – ఇవి దాని గుర్తులు. దుకాణమువాడు వీనిని పరీక్షింపలేడు. వైద్యుని చీటి లేక ఈ మందు అమ్మరాదని నియమము పెట్టినది అందుకే.

తీవ్రమైన రక్తహీనత గలవారు, రక్తము గడ్డకట్టని వ్యాధి గలవారు, రక్తము పలుచనగు మందులు వాడువారు, చిరకాలము స్టిరాయిడ్లు తినుచున్నవారు, మూత్రపిండములమీది అడ్రినల్ గ్రంథులు చెడినవారు, ఈ మందులు పడనివారు వీనిని వాడరాదు. కాపర్ టీ యున్నచో ముందు దానిని తీయించవలెను. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపుపోటు గలవారి విషయము వైద్యుడే నిర్ణయించును. మన పల్లెలలో రక్తహీనత ఎంత సామాన్యమో మీకు తెలియును. పాలిపోయిన ముఖము చూచియు రక్తపరీక్ష లేకుండ మాత్ర కొనితెచ్చియిచ్చుట సాహసము.

మాత్రల పిదప తెరలు తెరలుగా నొప్పి, ముట్టుకంటె హెచ్చుగా రక్తము సహజము. కొంచెము కొంచెముగా రెండు వారములవరకు కనబడవచ్చును. రెండవ మందు వాడి ఒక దినము గడచినను రక్తమే కనబడనిచో వైద్యునికి చూపవలెను. రక్తము ఆగినంతమాత్రమున పని ముగిసినదని నమ్మరాదు. సుమారు రెండు వారములకు మరల పరీక్ష కావలెను. మందు ఫలింపక గర్భము నిలిచినచో శిశువునకు అవయవలోపములు కలుగవచ్చును. మరియొకటి: రెండు వారములలోనే మరల గర్భము నిలువవచ్చును.

పెద్దలు అడ్డుపడగల చోటొకటి గలదు. 1971 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండిన స్త్రీ సమ్మతియే చాలును. భర్తగాని, అత్తమామలుగాని, మనవంటి పెద్దలుగాని సంతకము చేయనక్కరలేదు. బాలికకు మాత్రము సంరక్షకుని సమ్మతి కావలెను. ఆమె పేరు వైద్యుడు వెల్లడింపరాదని 2021 సవరణ మరింత గట్టిగా చెప్పినది. రచ్చబండకెక్కునను భయముననే ఆడువారు ఆసుపత్రి విడిచి చాటుగా మాత్రలు తెప్పించుకొందురు, దినములు గడచిపోవును. మనము నోరు కట్టుకొనినచో ఆ దినములు మిగులును.

పెద్ద పేడ్లు గంటకు రెండేసి చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినను, 100.4 డిగ్రీల జ్వరము ఒక దినము దాటినను, దుర్గంధముగల స్రావము కనబడినను తెల్లవారుదాక ఆగక 108 కు ఫోను చేయవలెను. ఏ మాత్ర, ఎన్ని, ఎప్పుడు వేసికొన్నదో డాక్టరుగారికి దాచక చెప్పవలెను. మాత్రల అట్ట దొరికినచో వెంట తీసికొనిపోవలెను.